పొత్తిళ్ళలోని మనవరాలికి తాత తన నమ్మకాన్ని ఎలా చెప్పాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైన తీరును ముందుగా చెప్పుకొని, ఆ తరువాత సమాధానానికి వస్తాను. మీరు చెన్నైలోని అయనావరంలో ఉంటున్నారు. మీ అబ్బాయికి ఈ మధ్యనే ఆడపిల్ల పుట్టింది. తొలికాన్పు కాబట్టి తల్లీబిడ్డలు అదే ఊళ్ళోని వేళచ్చేరిలో మీ వియ్యాలవారింట ఉన్నారు, వారు తమిళులు. పాపను 21వ రోజున ఉయ్యాలలో వేసి, అదే రోజున పేరు పెడుతున్నారు. ఆ శుభకార్యంలో మీ దైవభక్తిని గురించీ, పాప భవిష్యత్తు మీద మీరు పెట్టుకున్న ఆశలను గురించీ రాసుకున్న కాగితాన్ని నలుగురిలో చదివి వినిపించి, ఆమె పెద్దయ్యాక చదువుకునేందుకు దాచి ఉంచాలని మీ కోరిక. మీ అబ్బాయి మాత్రం, పిల్లకు ఊహ తెలియక ముందే ఈ భక్తి పాఠాలెందుకు నాన్నా అని అడ్డు చెప్పాడు. ఏడాదిన్నర క్రితం కాలం చేసిన మీ శ్రీమతిగారే ఈ పాపగా తిరిగి వచ్చారని మీరు గట్టిగా నమ్ముతున్నారు. ఆ సంగతి కూడా రాయవచ్చునా అని అడుగుతూ, మీ చిత్తుప్రతిని జతపరిచారు.

నేను చెన్నైలోని ఒక ప్రసూతి ఆసుపత్రిలో నర్సుగా చేరి, చివరికి వార్డు బాధ్యతలు చూస్తూ పదవీ విరమణ చేసినదాన్ని. నాకూ మనవలున్నారు. శాస్త్రాలు చదివిన పండితురాలిని కాను గాని, అప్పుడే పుట్టిన బిడ్డను తొలిసారి చేతుల్లోకి తీసుకున్న తాతలనూ అమ్మమ్మలనూ నానమ్మలనూ నేను చూసినంత దగ్గరగా చూసినవారు తక్కువమంది ఉంటారు. కనుక ఆ అనుభవం మీదనే ఆధారపడి చెబుతున్నాను.

ముందుగా, పాపకు ఏమి అందుతుందన్న విషయం చూద్దాం. మాటలకు అర్థం తెలియదు, గొంతు మాత్రం తెలుస్తుంది. గర్భంలో ఆరో నెల దాటేసరికి శిశువు బయటి శబ్దాలకు స్పందించడం మొదలుపెడుతుంది. 1980లో అమెరికాలో డికాస్పర్, ఫైఫర్ అనే ఇద్దరు పరిశోధకులు, పుట్టి మూడు రోజులైనా నిండని పసికందుల నోటికి పాలపీక అందించి, వారు చప్పరించే తీరును బట్టి తల్లి గొంతో పరాయి స్త్రీ గొంతో వినిపించేలా ఏర్పాటు చేశారు. ఆ పిల్లలు తల్లి గొంతు వినిపించే విధంగానే చప్పరించే తీరును మార్చుకున్నారు. నాలుగేళ్ళ తరువాత తండ్రి గొంతుతో ఇటువంటి పరీక్షే చేసినప్పుడు మాత్రం పిల్లలు ఏ మొగ్గూ చూపలేదు. తండ్రికే దక్కని చనువు తాతకు మొదటి రోజునే దక్కుతుందని ఆశించలేము. మీ గొంతు ఆమెకు కొత్తది. అది పాతబడడానికి తరచుగా, కొద్దికొద్దిగా, దగ్గరగా వినిపించాలి. చూపు సంగతీ అంతే. ఈ వయసులో బిడ్డకు కాస్త స్పష్టంగా కనిపించేది సుమారు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరమే, అంటే ఎత్తుకున్నవారి ముఖం ఉండే దూరం.

అందువల్ల ఉయ్యాల వేడుకలో కాగితం చదవాలన్న ఆలోచనను విరమించుకోమని నా సలహా. ఆ సమయానికి పాప నిద్రలో ఉంటుంది, లేదా ఆ హడావిడికి గుక్కపెట్టి ఏడుస్తూ ఉంటుంది. మీరు చదివేది పాప కోసమే అయినా, వినేది మాత్రం ఇరువైపుల బంధువులు. ఇంకా సూటిగా చెప్పాలంటే, భక్తిని గురించి కొడుకుతో ఇంట్లో తెగని వాదాన్ని అతని అత్తమామల ఎదుట, అతను బదులు చెప్పలేని సందర్భంలో చదివినట్టు అవుతుంది. మీ ఉద్దేశం అది కాదని నాకు తెలుసు. మీ అబ్బాయికి మాత్రం అలాగే వినిపిస్తుంది.

ఇక్కడ నేను ఆసుపత్రిలో చూసిన ఒక సంగతి చెప్పాలి. మా వార్డుకు అన్ని మతాలవారూ వచ్చేవారు. ఒకసారి ఒక ముస్లిం పెద్దాయన మనవణ్ణి అందుకోగానే పడమటి దిక్కు ఎటని నన్ను అడిగి, అటు తిరిగి, బిడ్డ కుడి చెవి దగ్గర నోరు పెట్టి అజాను మొత్తం చెప్పాడు. పక్క మంచం మీద ఉన్న బాలింతకు కూడా వినిపించనంత మెల్లగా చెప్పాడు. తరువాత ఎడమ చెవిలో ఇఖామత్, అంటే నమాజు మొదలవుతోందని తెలిపే పిలుపు, చెప్పి, బిడ్డను తల్లి పక్కన పడుకోబెట్టి, టోపీ తీసి జేబులో పెట్టుకొని టీ తాగడానికి వెళ్ళిపోయాడు. క్రైస్తవ కుటుంబాల పెద్దవాళ్ళు బిడ్డ నుదుటి మీద అరచేయి ఉంచి కళ్ళు మూసుకొని ప్రార్థన చేసేవారు. మన సంప్రదాయంలోనూ బిడ్డ పుట్టగానే చేసే జాతకర్మలో చెప్పవలసింది చెవిలోనే చెబుతారు. బృహదారణ్యకోపనిషత్తు ఆరో అధ్యాయం ప్రకారం తండ్రి బిడ్డ కుడి చెవి దగ్గర నోరుంచి ‘వాక్’ అని మూడుసార్లు పలకాలి. ఇన్ని మతాలవారు తమలో తాము సంప్రదించుకోకుండానే ఈ పనిని రహస్యంగా, క్లుప్తంగా, బిడ్డకు దగ్గరగా చేయాలని నిర్ణయించుకోవడం నాకు ఎంతో సబబుగా తోస్తుంది. పసిబిడ్డకు ఉపన్యాసం ఇవ్వమని ఎవరూ చెప్పలేదు.

మన ఇళ్ళలో నానమ్మలు, అమ్మమ్మలు నమ్మకాన్ని అందించిన చోటు స్నానాల గది. కాళ్ళు చాపుకొని పీట మీద కూర్చొని, బిడ్డను కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి, నూనె రాసి, నలుగు పెట్టి, గోరువెచ్చటి నీళ్ళు పోసి, చివరికి చెంబులో మిగిలిన నీళ్ళు బిడ్డ చుట్టూ తిప్పి పారబోస్తూ ‘శ్రీరామరక్ష, నూరేళ్ళాయుష్షు’ అనేవారు. ఏ సిద్ధాంతమూ చెప్పకుండానే అందులో దేవుడి మీద భరోసా, బిడ్డ మీద ఆశ రెండూ ఉన్నాయి. ఏ రోజైనా ఆ మాట అనడం మరిచిపోతే వెనక్కి పిలిచి మరీ అనేవారు. ఇప్పుడు మీ మనవరాలికి నీళ్ళు పోస్తున్నది వియ్యపురాలుగారు. ఆవిడ తన పద్ధతిలో మురుగన్ పేరో అమ్మవారి పేరో తలుచుకుంటూ ఉండవచ్చు. ఒకసారి ఆ సమయానికి వెళ్ళి, స్నానం పూర్తయ్యాక పాపను తువ్వాలులో మీరు అందుకొని, ‘శ్రీరామరక్ష’ అని మీ నోటితో అనండి. వారంలో రెండు మూడుసార్లు అయనావరం నుంచి వేళచ్చేరికి వెళ్ళడం ఆ ట్రాఫిక్‌లో మీ వయసుకు శ్రమే. అయినా కాగితం చదవడం కంటే ఇది ఎక్కువ పని చేస్తుంది. పెద్దయ్యాక ఆమెకు ఈ రోజులు గుర్తుండవు. మనలో ఎవరికైనా తొలి జ్ఞాపకాలు సాధారణంగా మూడు నాలుగేళ్ళ వయసు తరువాతివే. కానీ ఆ జ్ఞాపకాలు మొదలయ్యేనాటికి మీ గొంతు ఆమెకు అలవాటైపోయి ఉంటుంది. అప్పుడు మీరు చెప్పే కథను పరాయివారి మాటలా కాక, తాతయ్య మాటలా వింటుంది.

ఇక మీ అబ్బాయి అభ్యంతరం. అతను చెప్పినదాన్ని మీరు దైవద్వేషంగా తీసుకున్నట్టు మీ లేఖ సూచిస్తోంది. నాకు అలా అనిపించలేదు. ఇరువైపుల పెద్దవాళ్ళ ఆచారాల మధ్య తన బిడ్డ పంపకం వస్తువు కాకూడదన్న జాగ్రత్తే అతని మాటల్లో ఎక్కువగా కనిపించింది. పుణ్యాహవాచనం ఏ పద్ధతిలో చేయాలి, పేరు ఏ నక్షత్రం ప్రకారం ఉండాలి, జాతకం ఎవరు రాయించాలి అన్న చర్చలు ఇప్పటికే జరిగాయని మీరే రాశారు. కనుక అతన్ని విడిగా కూర్చోబెట్టుకొని, పాప దగ్గర నేను దేవుడి పేరు ఎత్తవచ్చునా, ఎత్తకూడదా అని నేరుగా అడగండి. ‘నేను నమ్ముతాను’ అని చెప్పుకోవడానికి అతను అడ్డు చెబుతాడని నేను అనుకోను. ‘నువ్వు నమ్మాలి’ అన్నప్పుడే అతనికి పేచీ. ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడుందో మీరిద్దరూ కలిసి ఒకసారి గీసుకుంటే, తరువాత ప్రతి పండుగకూ ఆ తగాదా రాదు.

మొక్కుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. కోడలి కాన్పు సుఖంగా జరిగితే పాప పుట్టువెంట్రుకలు తిరుమలలో తీయిస్తామని మీరు మొక్కుకున్నారు. ఆ సంగతి కొడుకుకూ కోడలికీ ఇంకా చెప్పలేదు. మొక్కు మీది, వెంట్రుకలు పాపవి, ప్రయాణం చేయవలసింది బాలింత. మొక్కుకున్నవారు వేరు, తీర్చవలసినవారు వేరు అయినప్పుడు అది భక్తిగా మిగలదు, ఇంకొకరి మీద అప్పుగా మారుతుంది. ఈ నెలలోనే చెప్పేయండి. చెబుతూనే, వీలు కాదంటే నా తలనీలాలు ఇచ్చి మొక్కు చెల్లించుకుంటానని కూడా అనండి. మొక్కుకున్నది మీరే కాబట్టి అందులో లోపం ఏమీ లేదు. వాళ్ళు ఒప్పుకుంటే, ఏడాదిలోపు బిడ్డలతో వచ్చే తల్లిదండ్రులకు తిరుమలలో సుపథం అనే దారి గుండా ప్రత్యేక ప్రవేశం ఉంది. బిడ్డ మెడ నిలిచి, టీకాలు కొన్ని పడ్డాక వెళ్ళడమే మంచిది. కొండ మీద చలిగాలినీ, కల్యాణకట్టలోని రద్దీనీ దృష్టిలో పెట్టుకొని తేదీని కోడలినే నిర్ణయించనివ్వండి.

ఇప్పుడు మీ శ్రీమతిగారి విషయానికి వస్తాను. మీ లేఖలో నన్ను అన్నిటికంటే ఎక్కువసేపు ఆలోచింపజేసింది ఇదే. పాప కుడి చెవి తమ్మె మీద ఉన్న చిన్న పుట్టుమచ్చ మీ ఆవిడకూ ఉండేదని, దాన్ని చూసిన క్షణంలో మీకు కాళ్ళు ఆడలేదని రాశారు. పోయినవాళ్ళు అదే ఇంట్లో మళ్ళీ పుడతారన్న నమ్మకం మన తెలుగువాళ్ళలో ఎంత బలమైనదో నాకు తెలుసు. ‘మా అమ్మే వచ్చింది’ అని కళ్ళు తుడుచుకున్న మగవాళ్ళను వార్డులో ఎందరినో చూశాను. ఆ ఓదార్పును మీ నుంచి లాక్కునే హక్కు ఎవరికీ లేదు, మీ అబ్బాయికి కూడా లేదు.

అయినా దాన్ని ఆ ఉత్తరంలో రాయవద్దని చెబుతున్నాను. కారణాన్ని మీ నమ్మకంలో నుంచే తీసి చూపిస్తాను. మీరు గీత రోజూ పారాయణ చేస్తారు కాబట్టి, రెండో అధ్యాయంలోని జీర్ణవస్త్రాల శ్లోకం మీకు కంఠస్థమై ఉంటుంది. జీవుడు పాత బట్ట వదిలి కొత్తది కట్టుకుంటాడని అక్కడ చెప్పారు. వదిలిన బట్ట పేరుతో అతన్ని పిలవమని చెప్పలేదు. అంతేగాక ఏడాది పొడవునా మాసికాలు పెట్టి, ఆబ్దికం చేసి, ఆవిడకు పిండప్రదానం చేశారు. ఇక ముందూ ప్రతి ఏటా చేస్తారు. ఒక పక్క పితృలోకంలో ఉన్నారని తర్పణాలు విడుస్తూ, మరో పక్క ఉయ్యాలలో ఉన్నారని అనుకోవడంలో పొంతన లేదని ఎవరైనా వాదించవచ్చు. నాకు ఆ వాదం అక్కర లేదు. మన ఇళ్ళలో ఈ రెండు నమ్మకాలూ ఎప్పటి నుంచో ఒకే కప్పు కింద సర్దుకొని బతుకుతున్నాయి. అయితే ఆ సర్దుబాటు మీ మనసులో జరగాలి గాని పాప భుజాల మీద జరగకూడదు.

ఎందుకంటే పాప కోపం తెచ్చుకున్నా, వంకాయ కూర వద్దన్నా, పాట పాడకపోయినా, ‘మీ నానమ్మ అలా చేసేది కాదు’ అన్న మాట ఇంట్లో ఎవరో ఒకరి నోటి నుంచి వస్తుంది. తాను ఎవరో తెలుసుకోక ముందే, తాను ఎవరి కొనసాగింపో తెలుసుకోవలసిన అవస్థ ఒక ఆడపిల్లకు ఎందుకు? మీ కోడలి వైపు నుంచీ ఆలోచించండి. అత్తగారు తన కడుపున పుట్టారని మామగారు నలుగురిలో అంటే, ఆ అమ్మాయి తన బిడ్డను కసురుకోగలదా, ముద్దు చేయగలదా? మన కుటుంబాల్లో అత్తగారి పేరు పిల్లకు పెడితే, ఆ పేరు నోటితో పలకలేక, కోడలు ‘బుజ్జీ’ అనో ‘చిట్టీ’ అనో మరో పేరు వెతుక్కునేది. ఒక్క పేరుకే అంత సంకోచం ఉన్నప్పుడు, మనిషే వచ్చిందంటే ఎంత ఉంటుందో ఊహించండి.

మీ ఆవిడ పేరు పాపకు చేరడానికి మరింత సున్నితమైన దారి ఉంది. నామకరణంలో పళ్ళెంలో బియ్యం పోసి తండ్రి చేత ఉంగరంతో పేర్లు రాయిస్తారు కదా; అక్కడ నక్షత్రనామం, మాసనామం, వ్యవహారనామం అంటూ ఒకటికి మించిన పేర్లు రాసే వీలు ఎప్పటి నుంచో ఉంది. కొడుకూ కోడలూ ఇష్టపడితే వాటిలో ఒకటిగా మీ శ్రీమతిగారి పేరును రాయమని అడగవచ్చు. పిలిచే పేరు వాళ్ళ ఇష్టానికి వదిలేయండి. పుట్టుమచ్చ సంగతి, మీ కాళ్ళు ఆడకపోవడం సంగతి మీ డైరీలో రాసుకోండి. పాప పెద్దదై, తనంతట తాను ‘నానమ్మ ఎలా ఉండేది తాతా’ అని అడిగిన రోజున, ‘నిన్ను చూసినప్పుడు నాకు ఇలా అనిపించింది’ అని చెప్పవచ్చు. అప్పటికి తనకంటూ ఒక వ్యక్తిత్వం ఏర్పడి ఉంటుంది కాబట్టి, దాన్ని నవ్వుతూనో కంటతడితోనో విని పక్కన పెట్టగలదు.

మీ చిత్తుప్రతిని రెండుసార్లు చదివాను. మొహమాటం లేకుండా చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను: అందులో ‘నేను చేశాను’ కంటే ‘నువ్వు చేయాలి’ ఎక్కువగా ఉంది. విష్ణు సహస్రనామం రోజూ చదవాలి, శనివారం ఒంటిపూట ఉండాలి, మాంసం ముట్టకూడదు, మన ఆచారం వదలకూడదు, తెలుగు మరవకూడదు. పుట్టి నెల తిరగని బిడ్డకు ఇన్ని ఆజ్ఞలు! అందులోనూ ‘మన ఆచారం వదలకూడదు’ అన్న వాక్యాన్ని మీ కోడలు చదివితే, తనను కోడలిగా తెచ్చుకోవడం మీద మీరు లోపల దాచుకున్న ఫిర్యాదుగా అర్థం చేసుకుంటుంది. ఆ వాక్యాన్ని మృదువుగా మార్చి లాభం లేదు, తీసివేయండి.

ఆ కాగితంలో ఒకే ఒక్క చోట మీరు నాకు కనిపించారు. బ్రహ్మోత్సవాలకు ముందు చెన్నై నుంచి తిరుమలకు గొడుగులు ఊరేగింపుగా వెళ్ళేటప్పుడు, మీరూ మీ ఆవిడా ఏటా అయనావరంలో రోడ్డు పక్కన నిలబడి చూసేవారని, గొడుగులు దగ్గరకు రాగానే ఆవిడ చెప్పులు విడిచి పక్కకు నెట్టి, తారు కాలుతున్నా కదలకుండా నిలబడేవారని, మీరు మాత్రం నీడలోనే ఉండి దండం పెట్టేవారని రాశారు. ఆ రెండు వాక్యాల్లో మీ ఇద్దరి భక్తీ, మీ ఇద్దరి మధ్య తేడా, మీ చనువూ అన్నీ ఉన్నాయి. ఉత్తరాన్ని అక్కడి నుంచి మొదలుపెట్టండి. చదవాలి, ఉండాలి అన్న ప్రతి చోటా, మీరు ఎప్పుడు, ఎందుకు, ఎవరి వల్ల ఆ పని మొదలుపెట్టారో రాయండి. సహస్రనామం మీకు నేర్పింది ఎవరు? అర్థం తెలియకుండా ఎన్నాళ్ళు చదివారు? ఏ నామం దగ్గర ఇప్పటికీ నాలుక తడబడుతుంది? ఇరవై ఏళ్ళ పిల్ల చదవదలుచుకునేది వీటినే.

ఇంకొక మాట రాయడానికి మీకు ధైర్యం చాలదేమో గాని, రాయమనే చెబుతాను. మీ శ్రీమతిగారు ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో రాత్రంతా వరండాలో కూర్చొని పారాయణ చేశారని, అయినా ఆవిడ దక్కలేదని నాకు రాసిన లేఖలో చెప్పారు. పాప కోసం రాసిన కాగితంలో మాత్రం దాన్ని వదిలేశారు. ఆవిడ పోయాక కొన్ని నెలలు దేవుడి గది తలుపు తెరవలేదన్న సంగతినీ వదిలేశారు. మళ్ళీ ఎందుకు తెరిచారో నాకు కూడా చెప్పలేదు. అది మీకు మాత్రమే తెలుసు. నమ్మినవాడికి అన్నీ అనుకూలించాయని రాస్తే, ఆ పిల్ల తనకు మొదటి దెబ్బ తగిలిన రోజున తాత చెప్పింది అబద్ధమనుకుంటుంది. దెబ్బ తిన్నాక కూడా మీ దగ్గర మిగిలింది ఏమిటో రాస్తే, దేవుణ్ణి నమ్మినా నమ్మకపోయినా ఆ కాగితాన్ని పారేయదు. మీ అబ్బాయి కూడా దాన్ని చదవాలని నాకు ఉంది. తల్లి పోయిన తరువాత తండ్రి పడిన అవస్థను అతను బయటి నుంచి మాత్రమే చూసి ఉంటాడు.

ఆశల గురించి ఎక్కువ చెప్పను. ఆరోగ్యంగా, ధైర్యంగా, దయగా బతకాలని కోరుకోండి. డాక్టరు కావాలి, అమెరికా వెళ్ళాలి, వెళ్ళకూడదు వంటివి మీరు రాయకపోయినా రాసేవాళ్ళు ఇంట్లో చాలామంది ఉంటారు.

భాష విషయంలో మాత్రం కొంత ముందుచూపు కావాలి. తమిళనాడులో 2006 నాటి చట్టం తరువాత బడుల్లో తమిళం తప్పనిసరి భాషగా అంచెలంచెలుగా అమలైంది. తెలుగును ఐచ్ఛికంగా చెప్పే బడులు మన చిన్నతనంతో పోలిస్తే బాగా తగ్గాయి. మీ మనవరాలు తెలుగు మాట్లాడగలిగినా చదవలేకపోయే అవకాశమే ఎక్కువ. కాబట్టి ఉత్తరం తెలుగులోనే రాసి, దాన్ని మీ గొంతుతో నింపాదిగా చదివి ఫోనులో రికార్డు చేయండి. ఫ్యాను ఆపి, కిటికీ మూసి, తప్పు చదివినా ఆపకుండా చదువుకుంటూ పోండి. దగ్గు వచ్చినా ఉండనివ్వండి. ఆ రికార్డును ఒక్క ఫోనులోనే ఉంచితే ఫోను పాడైన రోజున పోతుంది. అబ్బాయి కంప్యూటరులో ఒకటి, పెన్‌డ్రైవులో ఒకటి ఉంచి, కొన్నేళ్ళకోసారి కొత్తదానిలోకి మార్పించండి. తెలుగు మాటలను తమిళ లిపిలో రాయించాలన్న మీ ఆలోచన అంతగా పనికిరాదు. క, ఖ, గ, ఘ నాలుగింటికీ అక్కడ ఒకటే అక్షరం కాబట్టి చదివేవారికి సగం మాటలు మారిపోతాయి. కాగితం సంగతికి వస్తే, నోటుపుస్తకం నుంచి చింపిన కాగితం కాలం గడిచేకొద్దీ పసుపుబారి పెళుసెక్కుతుంది; మంచి దళసరి కాగితం మీద రాసి, మడవకుండా, లామినేషన్ చేయించకుండా, అట్టల మధ్య ఉంచండి.

నర్సుగా ఒక హెచ్చరిక చేయకుండా ఉండలేను. భక్తి పేరుతో బిడ్డ నోట్లోకీ కంట్లోకీ ఏదీ వెళ్ళకూడదు. జాతకర్మలో తేనె, నెయ్యి, పెరుగు బంగారంతో తాకించి నాకించమని పాత గ్రంథాలు చెబుతాయి. కానీ తేనెలో బాటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు కలిగించే సూక్ష్మక్రిమి బీజాలు ఉండవచ్చు కనుక ఏడాది నిండేదాకా తేనె చుక్క కూడా పెట్టకూడదు. ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప వేరేది, తీర్థం కూడా, అక్కర లేదు. బజారు కాటుకలో సీసం ఉండే ప్రమాదం ఉంది. దిష్టిచుక్క పెట్టి తీరాలనుకుంటే అరికాలికి పెట్టండి. సాంబ్రాణి పొగ బిడ్డ ఉన్న గదిలో వద్దు. మీకు జలుబో దగ్గో ఉంటే ఆ వారం వేళచ్చేరికి వెళ్ళకండి. చేతులు కడుక్కొని ఎత్తుకోండి, ముఖం మీద ముద్దు పెట్టకండి. నేను ఎరిగిన పురోహితులు చాలామంది ఇప్పుడు తేనె గిన్నెను బిడ్డ చేతికి తాకించి పక్కన పెట్టేస్తున్నారు. మీ పురోహితులు ఒప్పుకోకపోతే, డాక్టరు వద్దన్నారని కోడలి చేత చెప్పించకండి, మీరే చెప్పండి. ఆ మాట పెద్దవాడి నోట వస్తే ఎవరూ ఎదురాడరు.

ఉయ్యాల రోజున ఏమి చేయాలన్నదానికి నా సమాధానం ఇది. వియ్యాలవారు తమ పద్ధతిలో చేసుకుంటున్నప్పుడు అక్షింతలు వేసి పక్కన కూర్చోండి. భోజనాలు మొదలై ఇల్లు కాస్త సద్దుమణిగాక, పాప మెలకువగా ఉంటే కోడలిని అడిగి చేతుల్లోకి తీసుకొని, చెవి దగ్గర మీకు ఇష్టమైన నామం ఒకటి, మీ ఆశ ఒకటి, రెండు మూడు మాటల్లో చెప్పండి. పాప నిద్రపోతూ ఉంటే మరో రోజు చెప్పవచ్చు, తొందరేమీ లేదు.

ఉత్తరాన్ని ఎవరి చేతికి ఇవ్వాలని చివర్లో అడిగారు. పాప పెద్దయ్యేదాకా మీరు ఉంటారో లేదోనన్న భయంతో, మీ తమ్ముడిగారి దగ్గర ఉంచుదామా అన్నారు. వద్దు. మీ కోడలికే ఇవ్వండి. ఆమెకు తెలుగు చదవడం రాదు కాబట్టి, ఇచ్చే ముందు ఆమె పక్కన కూర్చొని, వాక్యం వాక్యం చదివి వచ్చిన తమిళంలో అర్థం చెప్పండి. ఆమెకు ఇబ్బంది కలిగించిన చోట ఆగి, ఎందుకో అడిగి, అవసరమైతే కొట్టివేయండి. పాపకు ఎప్పుడు ఇవ్వాలన్నది కూడా ఆమే నిర్ణయిస్తుంది.